డ్రై వెయిట్ పక్కన బి-లైన్ల లెక్క కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

హీమోడయాలసిస్‌లో ఎంత నీరు తీయాలో ఇప్పటికీ కాటాయే తేలుస్తోంది. ఇవాళ్టి బరువులోంచి డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, తీసేయడమే లెక్క. ఆ డ్రై వెయిట్ మూడు నెలల కిందటిదైతే? ఈలోగా కండ తరిగి, ఆ మేరకు నీరు చేరినా కాటా మీద అంకె మారదు. కాళ్లవాపునూ నమ్మలేం. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గినా, బీపీ మందు ఆమ్లోడిపిన్ వాడినా కాళ్లు వాయొచ్చు. వాపు లేని మనిషికి ఊపిరితిత్తుల్లో నీరుండొచ్చు, అది స్టెతస్కోప్‌కు అందకపోవచ్చు.

అల్ట్రాసౌండ్‌లో అది కనిపిస్తుంది. పొట్ట స్కానింగ్ ప్రోబే చాలు. పక్కటెముకల మధ్య పెడితే ఊపిరితో పాటు జారుతూ కనిపించే తెల్లగీత ప్లూరా, అంటే ఊపిరితిత్తిని కప్పే పొర. అక్కణ్నుంచి దిగి, తెర అడుగుదాకా మసకబారకుండా సాగేదే బి-లైన్. మధ్యలో ఆరిపోయేదాన్ని లెక్కపెట్టకూడదు. పూర్తి పద్ధతిలో 28 చోట్ల చూస్తారు: కుడివైపు 16, ఎడమవైపు గుండె అడ్డు కనుక 12. మొత్తం 15 లోపుంటే ఫర్వాలేదు, 30 దాటితే నీరు బాగా పట్టినట్టు. 8 చోట్లే చూసే పద్ధతీ ఉంది కానీ దానికి ఈ హద్దులు వర్తించవు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బొమ్మను నున్నగా చేసే స్పేషియల్ కాంపౌండింగ్ ఆపకపోతే బి-లైన్లు చెదిరిపోతాయి. ఒకసారి పడుకోబెట్టి, మరోసారి కూర్చోబెట్టి చూస్తే పోలిక చెల్లదు. న్యుమోనియాలోనూ, ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్‌లోనూ ఈ గీతలొస్తాయి. ఒకవైపే గుంపుగా ఉన్నా, ప్లూరా గరుకుగా ఉన్నా నీరు లాగే ముందు ఆగి ఆలోచించాలి. నీటి అంచనాకు గుండెకు చేరే పెద్ద సిర వెడల్పునూ స్కాన్‌లో కొలుస్తారు; డయాలసిస్ ముగియగానే కొలిస్తే అది సన్నబడి కనిపిస్తుంది. కణజాలంలోని నీరు రక్తంలోకి తిరిగొచ్చేదాకా ఆ కొలతతో డ్రై వెయిట్ తేల్చకూడదు.

గీతలెక్కువున్నాయని ఆ పూటే అంతా తోడేయడం ఇంకా పెద్ద తప్పు. నీరు తీసే వేగానికి గంటకు కిలో బరువుకు 13 మి.లీ. అనే హద్దు ప్రకారం 60 కిలోల మనిషికి 4 గంటల్లో సుమారు 3.1 లీటర్లు. మించితే బీపీ పడిపోవచ్చు, పిక్కలు పట్టేయొచ్చు. డ్రై వెయిట్‌ను 200, 300 గ్రాముల చొప్పున దించాలి, లేదా సెషన్ సమయం పెంచాలి.

డయాలసిస్ రోగులకు ఈ స్కాన్ చూసి నీరు తీయడాన్ని మామూలు వైద్యంతో పోల్చి, 2021లో వెలువడిన లస్ట్ ట్రయల్‌లో మరణం, గుండెపోటు, గుండె వైఫల్యం కలిపిన ప్రధాన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సంగతి దాచనక్కర్లేదు. గుండె వైఫల్యం మళ్లీమళ్లీ తిరగబెట్టడం తగ్గినట్టు తర్వాతి విశ్లేషణలో తేలింది. కనీసం ఆయాసంతో వచ్చినవాళ్లకు, బీపీ లొంగనివాళ్లకు, ఆస్పత్రిలో ఉండి చిక్కిపోయి వచ్చినవాళ్లకు ఈ స్కాన్ చేసి, బి-లైన్ల అంకెను తేదీతో సహా చార్టులో డ్రై వెయిట్ పక్కనే రాయాలని డయాలసిస్ యూనిట్లకు మా మనవి.

– ఒక డయాలసిస్ యూనిట్ వైద్య బృందం