చోళ్లా, చేపలా? ఒక్క కార్బన్‌తో తేలదు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో చిరుధాన్యాల మీద వచ్చిన వ్యాసం చదివాను. వంటలు బాగున్నాయి, గంటె (సజ్జ) రొట్టెల ఫొటో అయితే మరీను. కానీ చివరి పేరాలో “మన పూర్వీకులు చిరుధాన్యాలే తినేవారని పాత ఎముకల పరీక్షల్లో తేలింది” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరి ఎముకలు, ఎక్కడ దొరికాయి, వాటిలో ఏం కొలిచారు? ఒక్కటీ రాయలేదు. శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ పరీక్ష ఉత్తుత్తిది కాదు. దాని మూలం మేం క్లాసులో చెప్పే సి4 మొక్కల పాఠంలోనే ఉంది. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు చెరకు ఆకు మీద పని చేసి, మొక్క గాలిలోని కార్బన్‌ను పట్టే తీరుల్లో ఒకటిగా వివరించిన పథం అది. మన పిల్లలు ఎంట్రన్స్ పరీక్ష కోసం బట్టీపట్టి, హాల్లోంచి బయటికి రాగానే మరిచిపోతారు. గాలిలోని కార్బన్‌లో నూటికి ఒక వంతుకు కాస్త పైగా బరువైన రకం, అంటే కార్బన్-13, ఉంటుంది. వరి మొక్క ఆ బరువైనదాన్ని కొంతమేర వదిలేసి, తేలికైనదాన్నే ఎక్కువగా తీసుకుంటుంది. చోళ్లు (రాగులు), గంటెలు, జొన్నలు, కొర్రలు, సామలు, చెరకు అంత వడకట్టవు. సి4 మొక్కలంటే ఇవే. ఆ తేడా మనం తిన్న తిండి ద్వారా ఎముకలోని కొలాజెన్ అనే ప్రోటీన్‌లోకి చేరుతుంది. ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఎంత తేడా ఉందో కొలుస్తారు; మైనస్ అంటే ఆ నమూనా కంటే బరువైన కార్బన్ తక్కువని. వరి, గోధుమ, పప్పుల మీద బతికిన మనిషి ఎముక మైనస్ 21 దగ్గర, పూర్తిగా సి4 తిండి తిన్నవారిది మైనస్ 7 దగ్గర ఉంటుంది. 1977లో వోగెల్, వాన్ డెర్ మెర్వ్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతితోనే న్యూయార్క్ ప్రాంతపు పాత ఎముకల్లో మొక్కజొన్న జాడ పట్టారు. అక్కడ పని సులువు. మిగతా అడవి తిండి దాదాపు అంతా వరి తరహాదే, మొక్కజొన్న ఒక్కటే వేరు.

మన తీరంలో అంత సులువు కాదు. భావనపాడులో వేటకెళ్లి, సముద్రపు చేపే ప్రధానంగా తిన్న మనిషి ఒకరనుకోండి. సీతంపేట కొండల్లో పోడు చేసుకుని చోళ్లు, సామలు, కందులు, ఇంత వరి తిన్న మనిషి మరొకరు. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కార్బన్ గాలిలోనిదాని కంటే బరువు. అది నీటిలోని నాచుల నుంచి చేపకీ, చేప నుంచి మనిషికీ వస్తుంది. అచ్చంగా సముద్రపు చేప మీద బతికినవారి ఎముక మైనస్ 12 దగ్గర తేలుతుంది. వరీ చోళ్లూ కలిపి తిన్న కొండమనిషిదీ ఇంచుమించు అక్కడే! కార్బన్ ఒక్కటే చూసి రాసేస్తే, వేటకెళ్లిన మనిషికి మనమే చోడంబలి పోసినట్టవుతుంది. మా అమ్మ పుట్టిల్లు ఆ తీరంలోనే. వాళ్లు అంబలీ తాగేవారు, దాంట్లోకి ఎండు మెత్తళ్లూ నంజుకునేవారు. ఆ రెండింటినీ ఒక్క అంకె చూసి విడదీయడం ఎవరి తరమూ కాదు.

అందుకే నత్రజని కూడా కొలవాలి. నత్రజనిలో బరువైన రకం, అంటే నత్రజని-15, ఆహార గొలుసులో ఒక్కో మెట్టుకు వెయ్యికి 3 నుంచి 5 వరకు పెరుగుతుంది. సముద్రంలో చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది మింగుతూ మెట్లు ఎక్కువ కాబట్టి, చేపలు బాగా తిన్నవారిలో ఆ అంకె చోళ్లు తిన్నవారి కంటే బాగా పైన ఉంటుంది. (తల్లిపాలు తాగే చంటిపిల్లలది తల్లి కంటే ఒక మెట్టు పైన ఉంటుంది. దాన్నిబట్టి ఏ వయసులో పాలు మాన్పించారో కూడా చెబుతారు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే నచ్చింది అదే.)

ఇంకో చిక్కు ఉంది. మన గరిక కూడా సి4 మొక్కే. గరిక మేసిన ఆవు పాలు, పెరుగు తిన్నవాడు జన్మలో చోళ్లు ముట్టకపోయినా వాడి ఎముకలో ఆ గుర్తు కనిపిస్తుంది. ఆ మాటకొస్తే తోటకూర కూడా సి4 జాతే, అయితే కూర తిన్నంత మాత్రాన ఎముక లెక్క పెద్దగా మారదు. కాబట్టి మనిషి ఎముకల పక్కన దొరికిన ఆవు, మేక, చేపల ఎముకలనూ కొలిస్తేనే లెక్క కుదురుతుంది. ఇంత చేసినా తిన్నవి చోళ్లా, కొర్రలా, సామలా అన్నది ఎముక చెప్పదు. దానికి పొయ్యిల దగ్గర దొరికే మాడిన గింజలను చూడాలి.

అసలు కష్టం మన వాతావరణం. ఎండ, వాన, పులుపు నేలల్లో కొలాజెన్ త్వరగా పాడైపోతుంది. పంటి మీది ఎనామిల్ నిలుస్తుంది గానీ, మామూలు పరీక్షలో దాని నుంచి కార్బన్ వస్తుంది, నత్రజని రాదు. పైగా ఎనామిల్ చెప్పేది చిన్నతనపు తిండి గురించి, ముసలితనపు తిండి గురించి కాదు. 2012లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ రాజుకు పళ్లు, తొడ ఎముక, పక్కటెముక విడివిడిగా పరీక్షించి, రాజయ్యాక తిండి ఎలా మారిందో చెప్పగలిగారు. చలిదేశం కాబట్టి ఎముకలు అంత బాగా దక్కాయి.

ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో బృహత్ శిలాయుగపు పెద్ద రాతి సమాధి ఉంది. వంశధార ఒడ్డున బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం ఉంది, ఆ నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం పాత రేవు ఉంది. ఈ చుట్టుపక్కల చెరువు తవ్వినా, ఇటుక మట్టి తీసినా పాత కుండపెంకులు, ఎముకలు బయటపడొచ్చు. అలా దొరికితే అధికారులకు చెప్పండని మీ జిల్లా పేజీలో రాయండి. తవ్వకాలు చేయించేవారికి నా మనవి: కుండలు, పూసలు, మనిషి పుర్రెలు మాత్రం దాచి, పశువుల ఎముకలు, చేపముళ్లు పారేయకండి. ఎముకలు మెరవాలని జిగురు, వార్నిష్ పూయకండి, వాటిలోని కార్బన్ కొలతను చెడగొడుతుంది. ఇక ఎముకల మాట మీరు మళ్లీ రాసినప్పుడు నత్రజని కూడా కొలిచారో లేదో వ్యాసకర్తను అడిగి, ఆ తర్వాతే అచ్చు వేయండి.

— ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, శ్రీకాకుళం