మంత్రిగారూ, జర్మన్‌ని తెలుగులోంచి చెప్పనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో జర్మన్ చెబుతాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన పిల్లలు. మీ శాఖ విదేశీ ఉద్యోగాల గురించి మాట్లాడినప్పుడల్లా మా ఇంట్లో ఫోను మోగుతుంది: "మేడం, మూడు నెలల్లో బీ1 అయిపోతుందా?" అని. బీ1 అంటే జర్మన్‌లో మధ్యస్థాయి పరీక్ష. ఆ ఫోను ప్రశ్నకు జవాబే ఈ ఉత్తరం.

ముందు మీకొక సాయంత్రం గురించి చెప్పాలి. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. క్లాసులో ఒకరిని పేషెంటుగా, ఒకరిని నర్సుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఆ రోజు ఈమె పేషెంటు. "నాకు చలిగా ఉంది" అని జర్మన్‌లో చెప్పాలి. కాసేపు ఆలోచించి "ఇష్ బిన్ కాల్ట్" అంది. జర్మన్ ఆస్పత్రిలో ఆ మాటంటే, నా ఒళ్లు చల్లగా ఉంది ముట్టుకు చూడండి అనో, నేను జాలీ దయా లేని మనిషిని అనో అనుకుంటారు. అనాల్సింది "మీర్ ఇస్ట్ కాల్ట్". మీర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది, కాల్ట్ అంటే చల్లగా. నాకు చలిగా ఉంది! అచ్చం మన వాక్యమే. (‘మీర్’ అంటే మీరు కాదమ్మా, నాకు అని మొదటి వారమంతా చెబుతూనే ఉండాలి, అది వేరే సంగతి.)

మరి ఆ పిల్ల ఎందుకు తప్పింది? తెలుగులో అనుకున్న మాటను ముందు "ఐ యామ్ కోల్డ్" అని ఇంగ్లీషులోకి మార్చుకుంది, అక్కణ్ణుంచి జర్మన్‌లోకి దించింది. మా దగ్గరున్న పుస్తకాలు నడిపించే దారి అదే. సరైన వాక్యం ఆమె నోట్లోనే ఉంది, మధ్యలో ఇంగ్లీషు వచ్చి చెడగొట్టింది. "నాకు నచ్చింది", "నాకు వికారంగా ఉంది" లాంటి మాటలన్నిటికీ ఇదే గతి. ఈ రెండో మాట నర్సుకు ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జర్మన్‌లో ‘ఎందుకంటే’ అన్న మాటతో వాక్యం మొదలైతే క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషులోంచి వచ్చినవాళ్లు అక్కడ తడబడతారు. మనకు క్రియ ఎప్పుడూ చివరేగా! మర్యాదకు ‘జీ’, చనువుకు ‘డూ’ అనే తేడా ఇంగ్లీషు పుస్తకంలో అర పేజీ ఉంటుంది. మనకు మీరు, నువ్వు అంటే అయిపోయింది. ఇక విభక్తులు. "డుమువులు ప్రథమా విభక్తి" అంటూ బడిలో ఊగుతూ వల్లె వేసిన పిల్లలకు నాలుగు జర్మన్ విభక్తులంటే భయమెందుకు? మనకు సంబోధనతో కలిపి ఎనిమిది. అమ్మాయి అనే మాట, ‘మేడ్షెన్’, జర్మన్‌లో నపుంసక లింగం అనగానే క్లాసంతా నవ్వుతారు. అప్పుడు బోర్డు మీద రెండు ముక్కలు రాస్తాను: "అమ్మాయి వచ్చింది. బస్సు వచ్చింది." నవ్వు ఆగిపోతుంది.

అన్నీ కలుస్తాయని అబద్ధం చెప్పను. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం ఎందుకయ్యాయంటే తెలుగు ఏ సాయమూ చేయదు, బట్టీ పట్టాల్సిందే. కానీ కలిసేచోట కలపకుండా వదిలేస్తున్నామన్నది నా బాధ.

జపనీస్ చెప్పే మిత్రుడొకాయన ఉన్నాడు, ఆయన బాధ నాకంటే ఎక్కువ. జపాన్‌తో మన దేశం 2021 జనవరిలో ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ ఒప్పందం, అంటే నైపుణ్యం ఉన్నవాళ్లను అక్కడ పనికి పంపే ఒప్పందం, చేసుకుంది. ఆ దారిలో వెళ్లాలంటే ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ, ఏదో ఒక జపనీస్ భాషా పరీక్ష పాసవ్వాలి, వృద్ధుల సంరక్షణ పనికైతే దానికి తోడు ఇంకో భాషా పరీక్ష ఉంటుంది. ఆయన చెప్పేదేమిటంటే, జపనీస్ వాక్యం తెలుగు వాక్యానికి అద్దం లాంటిదట. "గోహన్ ఓ తబెతె ఇకిమస్" అంటే అన్నం తిని వెళ్తాను, అదే వరసలో. ‘ఓ’ మన ‘ను’, ‘తబెతె’ మన ‘తిని’. ఉచ్చారణలోనూ మనవాళ్లకు కలిసొస్తుంది. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. దీర్ఘాలు, ద్విత్వాలు పుట్టుకతో వచ్చిన మన చెవికి ఇది పెద్ద పనా? హిందీ రాతలో కరువైన హ్రస్వ ఎ, ఒ కూడా మన లిపిలో ఉన్నాయి. అయినా ఆయన బల్ల మీద ఉండేది ఇంగ్లీషులో రాసిన పుస్తకమే. తెలుగువాళ్ల కోసం తెలుగులో మెట్టుమెట్టుగా రాసిన పాఠ్యపుస్తకం ఆయనకూ దొరకలేదు, నాకూ దొరకలేదు.

చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట కాలేజీ 1812లో పెట్టారు, కుంఫిణీ దొరలకు ఇక్కడి భాషలు నేర్పడానికి. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. తర్వాత బ్రౌను నిఘంటువులు వచ్చాయి. దొరలు తెలుగు నేర్చుకోవాలనుకున్నప్పుడు తమ భాషలో పుస్తకం రాయించుకున్నారు, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టుకున్నారు. వాళ్ల అవసరం వాళ్లది, సరే. ఇప్పుడు అవసరం మనది.

ఇక మూడు నెలల సంగతి. సున్నా నుంచి బీ1కి రావడానికి, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వేసుకున్న లెక్క 350 నుంచి 650 పీరియడ్లు, పీరియడ్ అంటే 45 నిమిషాలు. రోజుకు మూడు గంటల చొప్పున, ఆదివారాలు తీసేస్తే, మూడు నెలలకు దాదాపు 230 గంటలు. పీరియడ్లలో సుమారు 307. అంటే ఒక్కరూ ఒక్క రోజూ నాగా పెట్టకపోయినా కింది గీతను కూడా అందుకోలేం. నాలుగేళ్ల క్రితం ఒక ఉచిత శిక్షణ పథకంలో ఇలాంటి బ్యాచ్‌కే నేను పాఠం చెప్పాను. అరవై మంది పిల్లలు, ఒక గది, స్పీకర్ లేదు. వినే పాఠాలకు నా ఫోను మైకు ముందు పట్టుకునేదాన్ని. నడిపిన సంస్థ పేరు ఎందుకు లెండి. గంటల లెక్కన ఇస్తామన్న డబ్బు ఏడు నెలలకు వచ్చింది, అదీ కోత కోసి. ఆ బ్యాచ్‌లో నాతో పాటు చెప్పిన కుర్రాడు, మంచి టీచరు, ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో జర్మన్ కస్టమర్ల ఫోన్లు ఎత్తుతున్నాడు. జీతం నెలనెలా పడుతుందట. అతన్ని తప్పు పట్టలేను.

విదేశీ భాషల టీచర్లు దొరకడం లేదని మీ అధికారులు అంటుంటారు. హైదరాబాదులో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అంటారు. జర్మన్, ఫ్రెంచ్, జపనీస్, స్పానిష్, రష్యన్, అరబిక్ అక్కడ డిగ్రీ స్థాయిలో చెబుతారు. అక్కడ చదివిన మన పిల్లలు ఊరికి తిరిగొచ్చి ఏం చేయాలి? డీఎస్సీలో జర్మన్ పోస్టు నేనైతే చూడలేదు. 2020 జాతీయ విద్యా విధానం కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ అని పేరుపేరునా రాసింది. రాతలో ఉంది, జీతంలో లేదు. 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో విద్యా సంవత్సరం మధ్యలో జర్మన్ తీసేసి సంస్కృతం పెట్టినప్పుడు ఏమైందో మా వర్గం ఇంకా మరిచిపోలేదు. సంస్కృతం మీద నాకు కోపం లేదు. ఎప్పుడు ఎవరిని ఇంటికి పంపుతారో తెలియని ఉద్యోగానికి ఎవరొస్తారన్నదే ప్రశ్న.

2022 డిసెంబరులో జర్మనీతో వలసల ఒప్పందం కుదిరింది. 2024 అక్టోబరులో వాళ్లు భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామన్నారు. ఆ వార్త వచ్చిన వారానికి మా వీధి చివర "బీ1 గ్యారంటీ" అని బ్యానరు వెలిసింది. పొలం తాకట్టు పెట్టి అక్కడ కట్టినవాళ్లు నాకు తెలుసు. కేరళ సంగతి చూడండి. అక్కడ నోర్కా రూట్స్ అనే ప్రభుత్వ సంస్థ ‘ట్రిపుల్ విన్’ పేరుతో జర్మన్ ప్రభుత్వ సంస్థలతో నేరుగా ఒప్పందం చేసుకుని నర్సులను పంపుతోంది. ఎంపికైనవాళ్లకు బీ1 దాకా చదువు ఉచితం. తిరువనంతపురంలో సొంతంగా విదేశీ భాషల సంస్థ కూడా పెట్టుకున్నారు. వాళ్లకు నర్సులు ఎక్కువ కాబట్టి సాగింది అంటారేమో. మనకు తక్కువా?

నేను అడిగేది భవనం కాదు, బోర్డు కాదు. నలుగురు టీచర్లనూ ఇద్దరు తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లనూ ఏడాదిపాటు జీతమిచ్చి ఒకచోట కూర్చోబెట్టండి. జర్మన్‌కు, జపనీస్‌కు తెలుగులోంచి నడిచే పాఠాలు, ఆడియోతో సహా, తయారు చేయించి ఉచితంగా వదలండి. జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెల్లె పాఠాలు ఇప్పటికే ఉచితంగా ఉన్నాయి, వాటి పక్కన తెలుగు వివరణ ఉన్నా సగం పని అవుతుంది. నర్సింగ్ పూర్తయ్యాక మూడు నెలల హడావిడి మానేసి, నాలుగేళ్ల కోర్సులో రెండో ఏడాది నుంచే రోజుకో పీరియడ్ పెట్టండి. టీచరుకు బ్యాచ్ లెక్కన కాకుండా నెల జీతం ఇవ్వండి. పరీక్షా కేంద్రం విజయవాడలోనో విశాఖలోనో పెట్టమని గోథే వాళ్లను అడగండి. మంత్రి అడిగితే ఒక విలువ, నేను అడిగితే ఒక ఈమెయిలు.

ఈ చివరిది ఎందుకంటే, బీ1లో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. ఒక్కోదానిలో నూటికి 60 రావాలి. వినుకొండ అమ్మాయి మూడు గట్టెక్కింది, వినడంలో 53. తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. కానీ ఆ ఒక్కదాని కోసం మళ్లీ హైదరాబాదో చెన్నైయో ప్రయాణం, గదికి అద్దె, ఆస్పత్రిలో నైట్ డ్యూటీ మార్చుకోవడం. స్లాట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి, తత్కాల్ టికెట్టే నయం. రెండుసార్లు దొరకలేదు. మూడోసారి మా ఇంట్లో నాలుగు ఫోన్లు పెట్టుకుని ప్రయత్నిస్తే చెన్నైలో దొరికింది. వచ్చే నెల వెళ్తోంది.

మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి చూస్తానంటే, క్లాసు రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. మేడ మీద గది, చెప్పులు కింద విడవాలి. కరెంటు పోతే ఆ కాసేపూ సంభాషణల పాఠం.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక జర్మన్ టీచరు