ఆ నాలుగు ట్రోఫీలు ఓక్లాండ్‌లోనే ఉండనివ్వండి

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను కాలిఫోర్నియాలో ఓక్లాండ్ దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉండే తెలుగువాణ్ని. క్రికెట్ చూస్తూ పెరిగినా ఓక్లాండ్ కొలీజియం స్టేడియం మెట్ల మీద కూర్చుని బేస్‌బాల్ నేర్చుకున్నాను. 2024 సెప్టెంబర్ 26న అథ్లెటిక్స్ జట్టు అక్కడ ఆఖరి ఆట ఆడి, టెక్సస్ రేంజర్స్‌ను 3-2తో ఓడించింది. 46,889 మందిమి వచ్చాం. జట్టును లాస్ వేగస్‌కు పంపవద్దని మొరపెట్టుకునే సమయం ఎప్పుడో దాటిపోయింది. ఈ ఉత్తరం వేరే పని మీద: ఓక్లాండ్‌లో ఉండగా జట్టు గెలిచిన నాలుగు ప్రపంచ సిరీస్ ట్రోఫీల కోసం.

ఆ స్టేడియం అందమైనదని నేను వాదించను. మురుగు కాలువలు పొంగి ఆటగాళ్ల గదుల్లోకి వచ్చిన మాట నిజం. పిల్లులు కాపురం పెట్టిన మాటా నిజమే. 1990లలో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టును వెనక్కి రప్పించడానికి అవుట్‌ఫీల్డ్ వెనుక కట్టిన గ్యాలరీ, అంతవరకూ హాయిగా కనిపించే ఓక్లాండ్ కొండలను మింగేసింది. రైడర్స్ యజమాని పేరు కలిపి దానికి 'మౌంట్ డేవిస్' అని పేరు పెట్టి కసి తీర్చుకున్నాం.

అయినా బార్ట్ రైలు దిగి, ఇనుప కంచెల మధ్య ఆ పొడవాటి వంతెన మీద నడుస్తుంటే కాళ్లు వాటంతట అవే వేగం పుంజుకునేవి. పక్కన టోపీలు, నీళ్ల సీసాలు అమ్మేవాళ్లు, పెనం మీద వేగుతున్న ఉల్లిపాయల వాసన. లోపల బ్లీచర్లలో (చవక టికెట్ల గ్యాలరీలో) మా అభిమానులు డ్రమ్ములు మొదలుపెట్టారంటే తొమ్మిది ఇన్నింగ్స్ దాకా ఆపరు.

ఫౌల్ గీతల (ఆట హద్దు గీతల) అవతల అంత ఖాళీ స్థలం లీగ్‌లో ఇంకెక్కడా ఉండేది కాదు. మరోచోట ప్రేక్షకుల్లో పడే బంతి ఇక్కడ ఫీల్డర్ చేతికి చిక్కేది. గీత బయట క్యాచ్ పట్టినా అవుటే కదా! బ్యాటర్లకు ఒళ్లుమంట, బంతి విసిరే పిచ్చర్లకు పండగ. 1968లో క్యాట్‌ఫిష్ హంటర్ ఇక్కడే పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. 2010లో డల్లాస్ బ్రేడెన్ కూడా 27 మందిని వరసగా, ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వకుండా వెనక్కి పంపాడు. ఆ రోజు మాతృ దినోత్సవం. తల్లి క్యాన్సర్‌తో పోతే పెంచి పెద్దచేసిన అమ్మమ్మను మైదానంలోనే కావలించుకున్నాడు. 1991లో ఓక్లాండ్‌లోనే పెరిగిన రికీ హెండర్సన్ తన 939వ బేస్ దొంగిలించి (అంటే బంతి కొట్టే పని లేకుండా, అదను చూసి తర్వాతి బేస్‌కు పరుగెత్తి), మేజర్ లీగ్ రికార్డు కొట్టి, ఆ మూడో బేస్‌నే పెకలించి తలపైకి ఎత్తిందీ ఈ నేల మీదే.

అయ్యా, 2023 జూన్ 13న జట్టును అమ్మేయమని యజమానికి చెప్పడానికి అభిమానులే పిలుపునిచ్చుకుని 27,759 మంది వచ్చారు. ఒక్క రాత్రికి దాదాపు సగటు జనం వచ్చినందుకు సంతోషమన్నట్టు మీరు మాట్లాడారు. మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్ లాంటి మేటి ఆటగాళ్లను ఒకే నెలలో వదిలించుకున్న జట్టుకు జనం ఎందుకు తగ్గారో మీకు తెలియనిది కాదు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అదే ఏడాది నవంబర్‌లో లీగ్‌లోని జట్ల యజమానులంతా ఈ తరలింపుకు ఏకగ్రీవంగా చేతులెత్తారు.

ఇప్పుడు జట్టు వెస్ట్ శాక్రమెంటోలోని చిన్న లీగ్ మైదానంలో, పేరు ముందు ఏ ఊరి పేరూ లేకుండా, లాస్ వేగస్ కోసం ఎదురుచూస్తోంది. 'అథ్లెటిక్స్' అనే పేరు ఇమ్మని అడగను. అది ఫిలడెల్ఫియాలో పుట్టి, కాన్సస్ సిటీ మీదుగా మా దగ్గరకు వచ్చింది. మాకంటే ముందు వాళ్ల కడుపుకోత. కానీ 1972, 1973, 1974, 1989 ప్రపంచ సిరీస్ ట్రోఫీలు ఓక్లాండ్ గెలిచినవి. 1996లో క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్‌కు తరలినప్పుడు పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే వదిలి వెళ్లాలని ఒప్పందం కుదిరింది. ఆ ఫుట్‌బాల్ లీగ్‌కు సాధ్యమైనది మీకు ఎందుకు కాదు? నాలుగు ట్రోఫీలనూ ఓక్లాండ్ మ్యూజియంకు ఇప్పించండి. యజమాని కాదంటే, లీగ్ తరఫున మీరే అడిగి చూడండి. ఆ సంగతి లాస్ వేగస్‌లో తలుపులు తెరవకముందే తేల్చండి.

ఇట్లు,
ఫ్రీమాంట్ నుంచి ఒక అభిమాని