నీ పాట నాకు వినపడలేదు

తెనాలి,
ఆదివారం

చిట్టితల్లీ,

ప్రోగ్రాం అయ్యాక మెట్ల మీద కూర్చుని "ఎలా ఉంది నాన్నా?" అనడిగావు. "బాగుందమ్మా" అనేశాను. అందులో సగం అబద్ధం. పక్కన మీ బ్యాండ్ పిల్లలున్నారు, పైగా నాకు బస్సు టైమవుతోంది. ఫోన్లో చెబితే సగంలోనే అడ్డుపడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మీరు నలుగురూ బాగా వాయించారు. నువ్వు బాగానే పాడి ఉంటావు. ఉంటావు అని ఎందుకంటున్నానంటే, నువ్వేం పాడావో నాకు వినపడలేదు.

కోపం తెచ్చుకోకు. రాక్ మ్యూజిక్ గురించి నాకేం తెలుసు అంటావేమో, ఏమీ తెలియదు. కానీ ముప్ఫై ఏళ్లు మైకుసెట్టు నడిపినవాణ్ణి. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, ఎలక్షన్ మీటింగులు, పద్య నాటకాలు. మనిషి గొంతు ఎక్కడ మునిగిపోతుందో నాకు తెలుసు.

మొదట మీరు నాలుగు ఇంగ్లీషు పాటలు పాడారు కదా, వేరేవాళ్లవి. జనం ఊగిపోయారు. ఆ పాటల్లోనూ నీ మాటలు ఒక్కటీ బయటికి రాలేదు, అయినా ఎవరికీ పట్టలేదు. అవి అందరికీ వచ్చిన పాటలు. నువ్వు మింగేసిన మాటని వినేవాడు తన బుర్రలోంచి తీసి అతికించుకుంటాడు. నీ సొంత పాటకి ఆ సదుపాయం లేదు. అది వాళ్లు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వింటున్న పాట. మాట అందకపోతే ఇక పట్టుకోవడానికి ఏముంది? అందుకే తిండి ప్లేట్ల వైపు తిరిగారు. నువ్వేమో "సొంత పాటలు ఎవడూ వినడు నాన్నా" అని తేల్చేశావు. ఆ మాటకే నాకు బస్సులో నిద్ర పట్టలేదు. వాళ్లు వినం అనలేదమ్మా, నీ పాట వాళ్లదాకా పోలేదు.

నేను సౌండ్ మిక్సర్ పక్కనే నిలబడ్డాను, గమనించే ఉంటావు. డ్రమ్స్ మీదుండే పెద్ద ఇత్తడి తాళం సరిగ్గా నీ తల వెనక ఉంది. నువ్వు మైకుకి జానెడు దూరంలో పాడుతున్నావు. మైకుకి నువ్వు పరాయిదానివీ కాదు, తాళం పరాయిదీ కాదు, వచ్చిందల్లా పట్టుకుంటుంది. ఆపరేటర్ కుర్రాడు నీ గొంతు పెంచుదామని ఫేడర్ తోస్తే తాళం కూడా లేస్తోంది. ఇంకొంచెం తోస్తే కుయ్‌మంటోంది. వాడు మాత్రం ఏం చేస్తాడు, పాపం.

గిటార్ అబ్బాయి తన ఆంప్, అదే గిటార్ స్పీకర్, నేల మీద పెట్టాడు. అది అతని మోకాళ్లకి వినపడుతోంది గానీ చెవులకి కాదు. వినపడక అతను పెంచాడు. అతను పెంచాడని బేస్ గిటార్ అమ్మాయి పెంచింది. ఇద్దరూ పెంచేసరికి డ్రమ్మర్ గట్టిగా బాదాడు. ఆఖరికి నువ్వు అరిచావు. ఆ ఆంప్‌ని కుర్చీ ఎక్కించి కాస్త పైకి వంచమను, తనంతట తనే తగ్గిస్తాడు. పైసా ఖర్చు లేదు. డ్రమ్స్ ఒక పక్కకి జరపండి. నువ్వు పెదాలు తగిలీ తగలనట్టు మైకుకి దగ్గరగా పాడు.

ఒకసారి కర్ణుడి వేషం కట్టిన పెద్దాయన పద్యం సగంలో ఆపి, స్టేజీ మీంచి నన్నే చూస్తూ "ఒరేయ్ మైకూ, పెట్టె పాడుతోందా, నేను పాడుతున్నానా?" అన్నాడు. పెట్టె అంటే హార్మోనియం. దానికి నేను మైకు మరీ దగ్గరగా కట్టాను. ఊరంతా నవ్వింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు నీకున్నంత. మర్నాటి నుంచి జనం రాకముందే వెళ్లి, ఆఖరి వరస దాకా నడిచి విని వచ్చేవాణ్ణి. మీరేమో ఎనిమిదింటి ప్రోగ్రాంకి ఏడుంబావుకి వచ్చారు. సౌండ్ చెక్‌కి గంట ఇవ్వనిదే ఒప్పుకోవద్దు. డబ్బు దగ్గర తగ్గితే తగ్గండి గానీ ఈ గంట దగ్గర తగ్గొద్దు.

ఆటోలో మీ డ్రమ్మర్ బెంగళూరు బ్యాండ్ల కథలు చాలా చెప్పాడు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచీ సొంత పాటలే వాయిస్తున్నారట. ముగ్గురు మలయాళీలు (త్రీ మాల్స్), ఒక పావు మలయాళీ (క్వార్టర్) కలిసి మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరట, భలే నవ్వొచ్చింది. వాళ్లు మ్యూజిక్ స్కూలు కూడా పెట్టుకున్నారని చెప్పాడు. ఆ మాట మీ అమ్మకి చెప్పాను, కాస్త కుదుటపడింది. 2010లో మొదలైన పర్వాజ్ వాళ్లు కన్నడ ఊళ్లో కూర్చుని ఉర్దూలో, కశ్మీరీలో పాడి పేరు తెచ్చుకున్నారట. మరి నువ్వు తెలుగు పాట పాడేముందు "సారీ, ఇది తెలుగు" అని ఎందుకన్నావు? సారీ దేనికి?

ఇందిరానగర్‌లో ది హమ్మింగ్ ట్రీ అని బ్యాండ్లు వాయించే చోటు ఉండేదని, 2013లో తెరిచి 2019లో మూసేశారని కూడా చెప్పాడు. హోటళ్లలో, బార్లలో పాటలు పెట్టాలంటే పోలీసు లైసెన్సు ఉండాలన్న బెంగళూరు రూలు చెల్లుతుందని 2018లో సుప్రీంకోర్టు అన్నాక చాలాచోట్ల లైవ్ మ్యూజిక్ ఆగిపోయిందట. నాకు ఆశ్చర్యమనిపించలేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్‌తో బయట రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు కట్టేయాల్సి వచ్చినప్పుడు మా నాటకాలూ సగంలో ఆగినవే. స్టేజీ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఉన్న రోజున పాట సరిగ్గా వినిపించాలి.

ఇంకొకటి. ఏ పాట ఎవరు రాశారో, బాణీ ఎవరు కట్టారో నలుగురూ ఇప్పుడే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. స్నేహంగా ఉన్నప్పుడే ఇలాంటివి రాసుకోవాలి. పాటలు రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, పాట రాసినవాళ్లు తమ రాయల్టీ వాటా వదులుకున్నట్టు, వారసులకీ అలాంటి సంఘానికీ తప్ప, ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఎవడో కాగితం పట్టుకొచ్చి సంతకం పెట్టమంటే ముందు నాకు ఫోటో తీసి పంపు.

మీ అమ్మ సున్నుండలు కొరియర్ చేసింది, నలుగురికీ పెట్టు. నా పాత మైకు స్టాండు కూడా అదే డబ్బాతో పంపుదామంటే కొరియర్ వాడు ఎక్కువ అడిగాడు. ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను.

ఆ తెలుగు పాటలో నాకు ఒక్కటంటే ఒక్క మాట వినపడింది, రెండో చరణం మొదట్లో. "కాలవ" అన్నావు. మన ఇంటి వెనక కాలవేనా? పాట మొత్తం రాసి పంపు.

నాన్న