మంత్రి గారూ, ఆ ఫారాలు ఎవరైనా చదివారా?

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ 'మీ వినతి సంబంధిత విభాగానికి పంపడమైనది' అని జవాబొచ్చింది. ఆ విభాగం ఎక్కడుందో చెబితే నేనే వెళ్లి కలుస్తాను. చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా.

మీ శాఖ బడుల్లో నింపిస్తున్న, పిల్లల ఆందోళన కొలిచే ఫారాల గురించే, మళ్లీ. కొలవొద్దని నేననడం లేదు. పైకి నవ్వుతూ లోపల నలిగిపోయే పిల్లల్ని మేం చూసి కనిపెట్టలేం, వాళ్లనే అడగాలి. కానీ అడిగే తీరు ఇదా? బెంచీకి ముగ్గురు ఇరుక్కుని కూర్చున్న క్లాసులో, ఫారం మీద పేరు, రోల్ నంబరు రాయించి, 'గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా అనిపించింది' అంటే ఎవరు నిజం రాస్తారండీ? నా కళ్లముందే ఒకమ్మాయి 2 చుట్టూ, అంటే సగం కన్నా ఎక్కువ రోజులు అని, గీత గీసింది, పక్కమ్మాయి తొంగి చూడగానే రబ్బరుతో చెరిపేసి 0 చుట్టూ గీసింది. ఎంత గట్టిగా చెరిపిందంటే అక్కడ కాగితం చిరిగింది. మీ కంప్యూటర్‌లోకి ఆ చిరుగు ఎక్కదు, సున్నా ఎక్కుతుంది.

ఇక భాష. 'ఆందోళనను నియంత్రించుకొనలేకపోవుట' అట! వెనక బెంచీలోంచి ఒకడు లేచి "ఆందోళన అంటే ధర్నానా టీచర్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, కానీ తప్పు వాడిది కాదు. పిల్లలు టెన్షన్ అంటారు, గుండె దడ అంటారు, కడుపులో తిప్పుతోంది అంటారు. అనువాదం అచ్చుకెళ్లేముందు ఓ పదిమంది పిల్లలకు చూపించి ఏమర్థమైందని అడగాల్సింది.

మీరు పంపిన ఫారం పేరు జీఏడీ-7, అందులో ఏడే ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 2006లో అది వచ్చింది పెద్దవాళ్ల కోసం, తర్వాత టీనేజ్ పిల్లల మీదా పరీక్షించారు, కాదనను. అయితే పిల్లల కోసమే తయారైన 'స్కేర్డ్' అనే ఫారం ఉంది, అందులో 41 ప్రశ్నలు, తల్లిదండ్రులకు వేరే ఫారం. పిల్లలు చెప్పేదీ ఇంట్లోవాళ్లు చెప్పేదీ చాలాసార్లు కలవదు, ఆ తేడాని కూడా చూడాలి. కానీ అంత టైమెక్కడిది, సాయంత్రానికల్లా అప్‌లోడ్ అయిపోవాలి కదా. పోనీ జీఏడీ-7లో 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరో కౌన్సెలరో ఒకసారి మాట్లాడి చూడాలని అర్థం, జబ్బుందని కాదు. మాకొచ్చిన లిస్టుకు మాత్రం 'ఆందోళన రోగులు' అని హెడ్డింగ్. దాన్ని స్టాఫ్‌రూమ్ గోడకు అంటించారు కూడా.

అసలు సంగతి చెప్తాను. ఇంకొకమ్మాయి దాచకుండా రాసింది, 19 వచ్చింది. కౌన్సెలర్ వస్తారన్నారు. వారం, నెల, రెండు నెలలు. నేను లెక్కల టీచర్ని, నాకు చేతనైనంత మాట్లాడాను. ఒకరోజు బెల్ కొట్టాక ఆగి, బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ, "టీచర్, నా ఫారం ఎవరైనా చదివారా?" అంది. "చదువుతారమ్మా" అన్నాను. అంతకన్నా ఏమనాలి?

మొదటిసారి పరీక్షల ముందు ఇచ్చిన ఫారాన్నే రెండోసారి సెలవులయ్యాక ఇచ్చారు. ఆ అమ్మాయి ఏడింటికీ సున్నా పెట్టి, బోర్లా తిప్పి నా చేతికిచ్చింది. స్కోర్లు తగ్గాయి, పథకం ఫలించిందని మీరు ప్రకటించారు. శుభాకాంక్షలు. అదే ఫారం రెండోసారి నింపితే ఏ సాయమూ అందకపోయినా స్కోరు కాస్త తగ్గడం మామూలేనని మీ నిపుణులు మీకు చెప్పలేదా? 19 నుంచి సున్నాకి వచ్చిన ఆ పిల్ల మీ లెక్కలో కోలుకున్నట్టే కదా?

ఫారాల మీద పేరు బదులు కోడ్ పెట్టండి, విడివిడిగా కూర్చోబెట్టి రాయించండి, ముందు కౌన్సెలర్‌ని వేసి ఆ తర్వాత ఫారాలు పంపండి. కౌన్సెలర్ లేకపోతే దయచేసి అడగనే అడగొద్దు. మూడో విడత ఫారాల కట్ట నిన్న వచ్చింది, నా టేబుల్ మీదే ఉంది. ఆ అమ్మాయి ముందు మళ్లీ అదే కాగితం ఎలా పెట్టాలో మీరే చెప్పండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్