ఇంక పనికి రారా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఉద్యోగుల పదవీ విరమణ వయసు మాట వచ్చినప్పుడల్లా పెంచాలా, వద్దా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఆ అంకె మారడం వల్ల మా ఇంట్లో ఒకరు నష్టపోయారు, ఒకరు లాభపడ్డారు. అందుకని నేనూ నాలుగు మాటలు రాస్తున్నాను.

1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉద్యోగుల వయోపరిమితిని 58 నుంచి 55కి దించారు. అప్పటికే 55 దాటినవాళ్ళంతా ఆ నెల 28న ఇంటికి వెళ్ళిపోవలసి వచ్చింది. మా నాన్నగారికి అప్పుడు 57. ఆ తర్వాత నెల రోజులపాటు రోజూ తొమ్మిదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే, ఎండ తగ్గాక వెళ్తాను అనేవారు. ఎక్కడికని మేమెవరం అడగలేదు. వయోపరిమితి మళ్ళీ 58 అయింది గానీ, అప్పటికి ఆయనకు 58 కూడా దాటిపోయాయి.

2014లో అది 60 అయింది, 2022 జనవరిలో 62. ఆ జూన్‌లో దిగిపోవలసిన నాకు కూర్చున్న కుర్చీలోనే మరో రెండేళ్ళు దొరికాయి. జీవో వచ్చిన రోజు 59 దాటినవాళ్ళం కలిసి పూతరేకులు తెప్పించి ఆఫీసంతా పంచాం. మా దగ్గర ఔట్‌సోర్సింగ్‌లో చేసే కుర్రాడు, ఎప్పటికైనా ఒక ఖాళీ వస్తుందని పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాడు, పూతరేకు తీసుకుని థాంక్యూ సార్ అని వెళ్ళిపోయాడు. తర్వాత రెండేళ్ళు మా ఆఫీసులో వయసు మీరి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పూతరేకు ఆ కుర్రాడికి ఎలా దిగిందో అప్పుడు నాకు తట్టలేదు.

2024 జూన్ నెలాఖరుకు రిటైరయ్యాను. శాలువా, దండ, విశ్రాంత జీవితం హాయిగా గడపాలన్న ప్రసంగాలు, అన్నీ అయ్యాయి. మర్నాడు జులై 1, సోమవారం. ఎన్నో ఏళ్ళకు సోమవారం పొద్దున మా వీధి ఎలా ఉంటుందో చూశాను. పెంచిన ఎన్టీఆర్ భరోసా పెన్షన్‌ను వార్డు సచివాలయం వాళ్ళు ఇంటింటికీ తిరిగి ఇస్తున్నారు. ఆ నెల 4000, వెనకటి మూడు నెలల తేడా 3000, మొత్తం 7000 రూపాయలు. మా ఎదురింటాయన వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని, లెక్కపెట్టి భార్య చేతిలో పెట్టాడు. పెట్టి, సైకిల్ బయటికి తీశాడు. ఆయన మిర్చి యార్డులో హమాలీ. నా కంటే రెండేళ్ళు పెద్ద.

నన్ను గేటు దగ్గర చూసి, “ఏం సారూ, ఇయ్యాల సెలవా?” అన్నాడు.

“సెలవు కాదయ్యా, రిటైరయ్యాను.”

“అయితే ఇంక పనికి రారా?”

ఆఫీసుకు వెళ్ళరా అన్న అర్థంలోనే అడిగాడు పాపం. నాకు మాత్రం రెండో అర్థమే ముందు తగిలింది. లోపలికి వచ్చి మా ఆవిడకు చెబితే, ఆయన కరెక్టుగానే అడిగాడు అంది. నేను ఇంట్లో ఉండడం మొదలయ్యాక పదకొండింటి టీ ఒకటి ఆవిడ పనుల్లో చేరింది. ఆవిడ రిటైర్మెంటు సంగతి రాస్తే ఈ ఉత్తరం ఇవాళ పూర్తవదు.

మన మాటలోనే ఉంది తిరకాసు. ‘పదవీ విరమణ’ అంటాం. పదవి ఉన్నవాడికే విరమణ. పదవి లేనివాడు పని మానేస్తే దాన్ని మంచాన పడడం అంటాం. జుట్టు నెరిసి, మనవడి ముఖం చూశాక అడవికి వెళ్ళమన్నారు పెద్దలు. అక్కడ అంకె లేదు, ఒంటినీ ఇంటినీ చూసుకుని నిర్ణయించుకోమన్నారు. (ఇప్పుడు మనవడు పుట్టగానే మేం వెళ్ళేది అడవికి కాదు, హైదరాబాద్‌లో కొడుకు అపార్ట్‌మెంటుకి. అది వేరే ఉద్యోగం.) మా ఎదురింటాయనకు జుట్టు నెరిసింది, మనవలు బడికి వెళ్తున్నారు. ఆయన వానప్రస్థానికి జీవో ఇచ్చేదెవరు?

ఆయనకొచ్చేదీ పెన్షనే, నాకొచ్చేదీ పెన్షనే. నాది పని మానినందుకు ఇస్తారు. ఆయనది చేతిలో పడ్డాక కూడా పని మానడానికి వీల్లేదు. అసంఘటిత కార్మికుల కోసం 2019లో కేంద్రం శ్రమయోగి మాన్‌ధన్ పథకం తెచ్చింది. నెలనెలా కొంత కడితే 60 ఏళ్ళ తర్వాత 3000 ఇస్తారు. కానీ చేరాలంటే వయసు 18కీ 40కీ మధ్య ఉండాలి. అప్పటికి ఈయనకు 59. ఈయన భార్య మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కిలోల లెక్కన కూలీ. ఆ ఘాటుకు చేతుల మంట రాత్రికి గానీ తగ్గదంటుంది. ఆ పథకంలో చేరే వయసు ఆవిడకూ దాటిపోయింది.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని ఊరికి ఎవరొచ్చినా చెప్పుకుంటాం. అక్కడికొచ్చే ప్రతి టిక్కీ (మిర్చి బస్తా) ఎవరో ఒకరి వీపు మీదుగానే కాటాకు వెళ్తుంది, మళ్ళీ లారీ ఎక్కుతుంది. యార్డు వసూలు చేసే సెస్సులోంచి ఇంత భాగం తీసి, 60 దాటి మూట దించదలచుకున్న హమాలీకి నెలనెలా ఇవ్వడం సాధ్యమా కాదా, లెక్క వేసి చెప్పమని అడుగుతున్నాను. వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పాలి. అలాగే మా వయోపరిమితి మళ్ళీ పెంచుతామంటే, పూతరేకులు తిన్నవాడిగా చెబుతున్నాను, వద్దు. మా తర్వాత వచ్చేవాళ్ళు ఇప్పటికే చాలా ఆగారు.

మా ఎదురింటాయన ఈమధ్య భుజం పట్టేసి టిక్కీలు మోయడం మానేశాడు. దబ్బనం పట్టుకుని సంచుల మూతులు కుడుతున్నాడు. హమాలీల ముఠా పంచుకునే కూలీలో ఆయన వాటా తగ్గిందట.

ఈసారి రిటైర్మెంటు వయసు మీద వార్త రాసేటప్పుడు మీ విలేకరిని వెలగపూడి సచివాలయంతోపాటు మా యార్డు గేటు దగ్గరికి కూడా పంపండి. పొద్దున్నే రమ్మనండి. కాటాలు మొదలయ్యాక అక్కడ మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
గుంటూరు