బాబాయి కాగితం అడిగాడ్రా

కవిటి
ఆదివారం రాత్రి, పదకొండు దాటింది

ఒరే పచ్చచొక్కా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. దసరాకి రాస్తానన్నాను, దీపావళికన్నాను, సంక్రాంతి కూడా ఎలిపోయింది. నీ వాయిస్ మెసేజీలు మూడూ విన్నాను. మూడోది స్పీకర్లో పెట్టి వినడం నా తప్పే, షాపులో జిరాక్సులకొచ్చినోళ్ళు నలుగురున్నారు, మా ఆవిడ కూడా ఉంది. ఇంక నువ్వు ఊరొస్తే మా ఇంట్లో నీకు కాఫీ దొరకదు, అది ఖాయం.

ఊరి సంగతులు గబగబా చెప్పేస్తా. మీ అమ్మ బావుంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి గానీ నోరు మాత్రం అలాగే ఉంది, గురువారం వెళ్తే నన్ను అరగంట కడిగేసింది, నీమీద కోపమంతా నామీద. జీడిపిక్కల రేటు అడక్కు. తిత్లీ తుపానుకి పోగా మిగిలిన మీ కొబ్బరిచెట్లు ఏడూ నిలబడే ఉన్నాయి, మూడోది కూడా, ఒట్టు గుర్తుందిగా. మా చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేశాం. అంతే, అయిపోయాయి.

అసలు సంగతి మా చిన్న బాబాయిది. మొన్న బుధవారం జరిగింది, అప్పట్నుంచి ఎవడికి చెప్దామా అని కడుపు ఉబ్బిపోతోంది. ఇక్కడ చెప్తే అందరూ అక్కడున్నోళ్ళే, తిరిగి నాకే చెప్తున్నారు, అదీ ఉప్పూకారం వేసి.

బాబాయి కిడ్నీలు పోయి డయాలసిస్ మిషన్ ఎక్కి ఆరేళ్ళయిందని నీకు తెలుసు. వారానికి మూడు రోజులు సోంపేట, తెల్లారకుండా ఆటో, నాలుగ్గంటలు మంచం మీద. మొదట్లో పించను 2,500 వచ్చేది, ఇప్పుడు నెలకి 10,000 వస్తోంది, మందులకీ ఆటోకీ అవే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబర్లో మొదలెట్టారు కదా, హిరమండలం నుంచి పైపులేసి నీళ్ళు కూడా తెచ్చారు. కాదనకూడదు, ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ వెళ్ళాల్సొచ్చేది, సగం మంది దారి ఖర్చులకే పొలం అమ్ముకున్నారు. మీ నాన్న టైముకి ఇవేవీ లేవు. సరే, అది వదిలెయ్.

కానీ మన ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోంది అన్నదానికి మాత్రం ఇప్పటికీ ఇదీ అని చెప్పలేకపోతున్నార్రా. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, వంశపారంపర్యం అన్నారు. 2017 జనవరిలో పవన్ కళ్యాణ్ ఇచ్ఛాపురం వచ్చినప్పుడు నువ్వూ నేనూ గోడెక్కి చూశాం కదా, నీ ప్యాంటు చిరిగిన రోజు, ఆ ఏడాదంతా ప్రతి టీవీవాడూ మనూరి బావుల్లోకి కెమెరా పెట్టాడు. షుగరూ బీపీ లేకుండా కిడ్నీలు పోవడం ఏటి అని ఊరు వింతపడడం ఎప్పుడో మానేసింది. ఇక్కడ పిల్లలకి ఎక్కాలకంటే ముందు క్రియాటినిన్ తెలుసు, కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తపరీక్షలో పెరిగే ఆ అంకె. మా చిన్నది మొన్న బొమ్మకి జ్వరం చూసి "అమ్మా, దీనికి ఆరు పాయింట్లుంది" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

బాబాయి సంగతికొస్తా. ఇన్నేళ్ళలో ఎవరెవరో వచ్చి బాబాయి రక్తం తొమ్మిదిసార్లు తీసుకెళ్ళారు. మూత్రం సీసాలు వేరే. బావి నీళ్ళు, పెరట్లో మట్టి, ఒకసారి బియ్యం కూడా. ఎవరి పేరూ నేను చెప్పను, అందరూ మంచి ఉద్దేశంతోనే వచ్చి ఉంటారు. కానీ ఒక్కసారి కూడా ఒక్క కాగితం తిరిగి రాలేదు. బాబాయి దగ్గరున్న పాత కాగితం ఒకే ఒకటి, జబ్బు మొదట బయటపడినప్పుడు ల్యాబువాడిచ్చిన చిన్న చీటీ, క్రియాటినిన్ 1.9 అని. మామూలుగా 1.2 దగ్గర ఆగాలి కదా. ఆ చీటీని పర్సులో మడిచి పెట్టుకుని తిరిగేవాడు, ఏ డాక్టరొచ్చినా తీసి చూపించేవాడు.

ఇక్కడ నేను చేసిన పాపం చెప్పాలి, ఎవరికీ చెప్పకు. పోయిన ఎండాకాలం ఆ చీటీ చిరిగిపోతోందని, నా షాపులో మిషనుంది కదా అని, లామినేషన్ చేసిస్తా బాబాయ్ అన్నాను. అది బస్సు టికెట్టు లాంటి కాగితంరా, వేడి తగిలితే నల్లబడే రకం. నాకు తెలిసుండాలి, పన్నెండేళ్ళుగా అదే పని చేస్తున్నాను. మిషన్లోంచి అవతలికి వచ్చేసరికి మెరుస్తూ, గట్టిగా, బొగ్గులా నల్లగా ఉంది. 1.9 లేదు, తారీఖు లేదు, పేరు లేదు. బాబాయి దాన్ని వెలుతురుకి ఎత్తి ఇటూ అటూ తిప్పి చూసి "పోనీలేరా, తడవదు కదా" అన్నాడు. తిట్టుంటే బావుండేదిరా. అప్పట్నుంచి రోగులకి అర్జీలు ఫ్రీగా టైపు చేస్తున్నాను, అందరూ నన్ను పెద్ద సేవకుడు అనుకుంటున్నారు.

బుధవారం ఏమైందంటే, కొత్తగా ఇంకో సర్వే మొదలెడతామని ఒక టీమొచ్చింది, పైనుంచి పెద్ద సారొకాయన వచ్చారు, కల్యాణమండపంలో మీటింగు. రోగుల తరఫున ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడండి అన్నారు. మనోళ్ళంతా నన్ను తోశారు. నేను వారం కూర్చుని అర్జీ తయారుచేశాను, ఆరు పాయింట్లు (ఈ పాయింట్లు వేరే, నవ్వకు). కిడ్నీ డాక్టర్ల పోస్టులు ఖాళీ ఉండకూడదు, పరిశోధనకి బడ్జెట్లో ఏటా విడిగా డబ్బు పెట్టాలి, ఒక ఏడాది హడావుడి చేసి వదిలేయకూడదు, నీళ్ళ పరీక్ష ఫలితం ఆ బావి గోడ మీదే రాయాలి, ఇలాగ. భాష చూడాలి నువ్వు, "విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలెట్టాను. మన తెలుగు మాష్టారు చూస్తే గొడుగు విసిరేసేవారు.

మీటింగు మొదలవగానే వచ్చినవాళ్ళకి మర్యాదలని కొబ్బరిబొండాలు తెచ్చారు. మన దగ్గర మర్యాదంటే అదే కదా. తెచ్చిన కుర్రాడు వరసలో కూర్చున్న డయాలసిస్ వాళ్ళందరికీ కూడా తలో బొండం, తలో స్ట్రా! ఒరే, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎంతుంటుంది, వాళ్ళు తాగితే గుండెకి ప్రమాదం. పుట్టి బుద్దెరిగినప్పట్నుంచీ కొబ్బరితోటలో బతికినోళ్ళు ఆరేళ్ళుగా బొండం ముట్టలేదు. పద్నాలుగు మంది, చేతుల్లో బొండాలు పట్టుకుని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు బాబాయి నవ్వాడు. తర్వాత పక్కనున్న పెద్దమ్మ. తర్వాత వరసంతా పడీపడీ నవ్వుతున్నారు, స్టేజీ మీదవాళ్ళకి అర్థం కావట్లేదు. బాబాయి తన బొండం నాకిచ్చి "నువ్వు తాగరా, నాను సూస్తాను" అన్నాడు.

నేను ఒక చేత్తో బొండం, ఒక చేత్తో అర్జీ. పేరు పిలిచారు. లేచాను. అంతే. బొండం మొత్తం అర్జీ మీద. రంగు ప్రింటరు ఇంకు కదా, అక్షరాలన్నీ నీలంగా కారిపోయాయి, "విన్నవించుకొనునది" ఒక్కటే మిగిలింది. ఏం విన్నవించుకోవాలో లేదు. కాళ్ళు కదల్లేదు నాకు. ఏడో తరగతి ఆగస్టు 15 గుర్తొచ్చింది, నీకూ గుర్తొచ్చి ఉంటుంది, వద్దు, అనకు.

అప్పుడు బాబాయి లేచాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుని మెల్లగా వెళ్ళి మైకు పట్టుకున్నాడు. నాకు ప్రతి మాటా గుర్తుంది, అలాగే రాస్తున్నా.

"నాను సదువుకోనేదు బాబూ. కొబ్బరికాయల యాపారికి వంద కాయలిస్తే వాడు చీటీ రాసిస్తాడు. మిల్లుకి జీడిపిక్కలేస్తే చీటీ ఇస్తారు. నా నెత్తురు తొమ్మిది సార్లు అట్టికెళ్ళినారు. బిస్కత్తు పొట్లం ఇచ్చినారు, అరటిపండు ఇచ్చినారు, చీటీ మాత్రం ఇవ్వనేదు. ఇప్పుడు పదోసారి వచ్చినారు. ఇస్తాను, వద్దనను, నా మనవలకైనా పనికొస్తాది. కానీ నా నెత్తురు మీకు ఏటి సెప్పిందో అది నాకూ సెప్పండి. ఎందుకొచ్చిందో తెలీనేదంటారా, తెలీనేదనే రాసివ్వండి. తెలీదని రాసి సంతకం ఎట్టండి. ఆ కాగితం కూడా దాసుకుంటాను."

హాలు నిశ్శబ్దం అయిపోయిందని రాద్దామనుకున్నాను గానీ అవలేదు, వెనకాల ఎవడిదో ఫోను మోగింది, డప్పుల పాట. అదాగేదాకా బాబాయి కూడా ఆగాడు. తర్వాత ఏం చేశాడో తెలుసా, స్టేజీ మీదున్న పెద్ద సారు దగ్గరికెళ్ళి ఎడం చెయ్యి చాపి "ఇక్కడ చెయ్యెట్టండి బాబూ" అన్నాడు. ఫిస్టులా మీద, అదే, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట. నువ్వు ఎప్పుడైనా ముట్టుకున్నావా? మోచేతి కింద చర్మం తాడులా ఉబ్బి ఉంటుంది, వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకుంటుంది, దూరంగా పొలంలో మోటారు ఆడుతున్నట్టు. ఆయన రెండు వేళ్ళు పెట్టాడు. తీసేస్తాడనుకున్నాను, తీయలేదు. అలాగే ఉండిపోయాడు కాసేపు. "ఇది ఆడినన్నాళ్ళూ నాను ఉంటాను, కొంచెం బేగి సూడండి" అన్నాడు బాబాయి, వచ్చి కూర్చున్నాడు.

టీములో ఒక డాక్టరమ్మ ఉంది, చిన్నపిల్ల, మన చెల్లెలి వయసు. ఆవిడ లేచి ఒప్పుకోలు ఫారం కట్టలు తెప్పించింది. సంతకం పెట్టించుకునే ఆ ఫారం రోగికి చదివి వినిపించాలట, అర్థమయ్యే భాషలో ఉండాలట, నాకు తెలీదు ఆ సంగతి. ఆవిడ ప్రతి ఫారం కింద పెన్నుతో తెలుగులో ఒక లైను రాయడం మొదలెట్టింది: "మీ పరీక్ష ఫలితం కాగితం మీద మీకు ఇస్తాం." రెండొందల ఫారాలురా! చెయ్యి నొప్పెట్టి విదిలించుకుంటోంది. ఒకటి రాయండమ్మా, మిగతావి నేను జిరాక్సు తీస్తాను అన్నాను. ఆ రోజంతా నేను మాట్లాడిన మాట అదొక్కటే. పరిగెత్తుకెళ్ళి షాపు తెరిచాను. డబ్బులు తీసుకోలేదు, పేపరు కట్ట నాదే, నువ్వు నన్ను పిసినారి అంటావు కదా, ఇది రాసిపెట్టుకో.

కాగితాలు నిజంగా వస్తాయా రావా, చూడాలి. పెద్ద సారు బడ్జెట్ సంగతి పైకి రాస్తానన్నారు. బాబాయి అయితే అప్పుడే పర్సులో చోటు చేసుకున్నాడు. ఆ నల్లట్ట మాత్రం తీయలేదు. నేను తీసెయ్ బాబాయ్ అంటే ఉండనీ అన్నాడు, ఎందుకో...

ఆ రాత్రి నిద్రపట్టక నెట్లో వెతికాను. మన ఒక్కళ్ళమే కాదురా. శ్రీలంకలో అనురాధపుర వైపు వరి రైతులకి ఇదే. నికరాగ్వా అని దేశం ఉంది, చిచిగల్పా అని ఊరు, చెరుకు కొట్టే కూలీలకి ఇదే జబ్బు, ఆ పక్కన ఒక పేటని విధవల దీవి అంటారట, మగాళ్ళు చాలామంది పోయారని. ఆ కూలీలు ఏం చేశారంటే, అసోచివిడా అని రోగుల సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఆ చెరుకు కంపెనీకి అప్పిచ్చింది ప్రపంచ బ్యాంకు గ్రూపు సంస్థే అని కనుక్కుని, 2008లో ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికే అర్జీ పెట్టారు. అప్పుడు కంపెనీవాళ్ళూ రోగులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, పరిశోధన ఎవరు చేయాలో ఇద్దరూ కలిసి ఒప్పుకుని బోస్టన్ యూనివర్సిటీవాళ్ళని పెట్టుకున్నారు. వినడానికి చిన్న మాటే. ఎవరు పరీక్ష చేయాలో రోగి కూడా చెప్పాడు! మన బాబాయి చీటీ ఒక్కటే అడిగాడు. నెక్స్ట్ అర్జీలో నేను... సరే, ముందు ఇంకు మారుస్తాను.

ఆ కూలీల సంగతి చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఎండలో బరువు పని, చెమట, తాగే నీళ్ళు చాలకపోవడం, ఇదే పెద్ద కారణం అయ్యుండొచ్చని అక్కడ చూసినవాళ్ళంటున్నారు. నువ్వు ఆ దుబాయ్ ఎండలో ఇనుము మోస్తున్నావు. నడుం నొప్పికి బిళ్ళలు మింగుతున్నానని రెండో మెసేజీలో నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదురా. ఆ బిళ్ళలు మానెయ్. మానలేకపోతే డాక్టర్ని అడిగి వేరేవి తీసుకో. మీ నాన్న కూడా నడుం నొప్పే అనుకున్నాడు, మనం అప్పటికి ఇంటర్, నువ్వు మందుల షాపు నుంచి తెచ్చేవాడివి, నేను సైకిలు తొక్కేవాణ్ణి. ఈ మాట ఎప్పుడూ మనం మాట్లాడుకోలేదు. ఇప్పుడూ వద్దులే.

మీ అమ్మకి ఇవేవీ చెప్పలేదు. డబ్బులు పంపావట, ఇంటి పైకప్పుకి, మేస్త్రి వచ్చే వారం

ఆగు, బాబాయి లేచినట్టున్నాడు. టైము చూడలేదురా, నాలుగున్నర! రేపు కాదు, ఇవాళే సోమవారం, ఇవాళ నా వంతు సోంపేట తీసుకెళ్ళడం. తువ్వాలు ఎక్కడరా అని అరుస్తున్నాడు, మా చిన్నది లేచిపోతుంది. మేస్త్రి సంగతి మళ్ళీ రాస్తా. క్రియాటినిన్ పరీక్ష చేయించు, ఈ వారంలోనే, కబుర్లేమీ అక్కర్లేదు, నంబరొక్కటి పంపు. ఆ చీటీ మాత్రం ఎవడికీ లామినేషన్‌కి ఇవ్వకు

నీ
ఆగస్టు 15